ఒకే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ కుటుంబంలోని జన్యువులన్నీ ఒకే పని చేస్తాయా?
చేయాలని లేదు. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లంటే డీఎన్‌ఏకి అతుక్కుని ఇతర జన్యువులను పనిచేయించే, లేదా ఆపే ప్రోటీన్లు. ఆ అతుక్కునే భాగం ఒకేలా ఉన్నవాటిని ఒక కుటుంబంగా లెక్కేస్తారు. పనిని బట్టి కాదు.

వరిలో ఈఆర్‌ఎఫ్ (ఎథిలీన్ రెస్పాన్స్ ఫ్యాక్టర్) కుటుంబాన్నే చూడండి, వందకు పైగా జన్యువులున్నాయి. ఒడిశా నాటు రకం ఎఫ్‌ఆర్ 13ఏలో దొరికిన సబ్1ఏ జన్యువు, పైరు మునిగినప్పుడు ఎదుగుదలను ఆపి పిండిపదార్థాన్ని పొదుపు చేయిస్తుంది. నీళ్లు తీశాక మొక్క మళ్లీ చిగురిస్తుంది. అదే కుటుంబంలోని స్నార్కెల్ జన్యువులు లోతునీటి వరిలో సరిగ్గా దీనికి రివర్స్: కాండాన్ని గబగబా సాగదీసి ఆకులను నీటిపైకి తెస్తాయి. విచిత్రమేమిటంటే, రెంటినీ కదిలించేది మొక్కలోనే తయారయ్యే ఎథిలీన్ అనే హార్మోన్ వాయువే!

మన మార్టేరు స్వర్ణలోకి సబ్1ఏని సంకరంతో తెచ్చిందే స్వర్ణ-సబ్1. 2009లో విడుదలైంది, జన్యుమార్పిడి పంట కాదు. సుమారు రెండు వారాల మునకను తట్టుకుంటుంది.