చేతి పనితో పెళ్లి అలంకరణ: మీ ప్రశ్నలు, మా జవాబులు

మే నెలలో మా పాప పెళ్లి. ఫంక్షన్ హాలు మాట్లాడుకున్నాం, మండపానికి పూలు మాత్రం మేమే కట్టుకోవాలని ఉంది. పది అడుగుల నలుచదరపు మండపానికి చెండుపూలు ఎన్ని కిలోలు పడతాయి? ఎప్పుడు గుచ్చుకోవాలి?
– ఒక తల్లి, గుంతకల్లు

పూల లెక్క కన్నా ముందు హాలు వాళ్లను రెండు మాటలు అడగండి. బయటి అలంకరణ ఒప్పుకుంటారా? తాళాలు ఎన్ని గంటలకు ఇస్తారు? కొన్ని హాళ్లలో వాళ్ల డెకరేటర్‌తోనే చేయించాలన్న షరతు ఉంటుంది. అడ్వాన్సు కట్టాక అది తెలిస్తే ఏం లాభం?

ఇక పూలు. నడిమి సైజు చెండుపూలు దగ్గరగా గుచ్చితే అడుగుకు పది నుంచి పన్నెండు పడతాయి. కిలోకు దాదాపు పన్నెండు నుంచి పదిహేను అడుగుల మాల వస్తుంది. ఎండాకాలం పూలు చిన్నవిగా ఉండొచ్చు కాబట్టి ముందుగా పావు కిలో తెచ్చి, ఒక అడుగు గుచ్చి, తూచి చూసుకోండి. మీ లెక్క మీకే తేలుతుంది.

అందరూ పొరపాటు పడేది స్తంభాల దగ్గర. స్తంభం ఎనిమిది అడుగులని మాల కూడా ఎనిమిది అడుగులే తీసుకుంటారు. మూడంగుళాల పైపు చుట్టూ అడుగుకు ఒక చుట్టు చొప్పున మెలితిప్పితే, పూల మందం కూడా కలిసి ఒక్కో స్తంభానికి పదమూడు అడుగులు తింటుంది. నాలుగింటికి 52. పైన నాలుగు వైపులా, వైపుకు రెండు తోరణాలు కొద్దిగా వేలాడేలా కడితే వైపుకు పదకొండు చొప్పున 44. ముడులకు, తెగినవాటికి పదో వంతు కలిపితే 105 అడుగులు. అంటే ఏడు నుంచి తొమ్మిది కిలోలు. నలిగినవి పోగా చాలాలంటే పది తెచ్చుకోండి.

వెనక పూల తెర మాటేమిటంటారా? పది అడుగుల వెడల్పులో అర అడుగుకొక దండ వేలాడదీస్తే ఇరవై ఒక్క దండలు, దండకు ఏడడుగులు, మొత్తం 147 అడుగులు. మండపమంతటికీ పట్టిన దానికన్నా ఎక్కువ! ఖర్చు చేయి దాటేది ఇక్కడే. వెనక బట్ట కట్టి, దాని మీద ఐదు దండలతో సరిపెట్టండి. తలుపులకు మామిడాకులు, అశోకాకులు. పక్కపక్కనే వేలాడదీస్తే మామిడాకులు అడుగుకు ఐదారు సరిపోతాయి.

కొత్త చేతులు గంటకు పదడుగులు గుచ్చుతాయనుకుంటే, నలుగురు కూర్చున్నా మూడు గంటల పని. ముందురోజు సాయంత్రం చల్లబడ్డాక మొదలుపెట్టండి. దబ్బనం, నూలు దారం వాడండి. నైలాన్ దారం పూల తొడిమెలను కోసేస్తుంది. నిలువు దండలకు ప్రతి పది పూలకూ ఒక ముడి వేయకపోతే పూలన్నీ కిందికి జారి పైన ఖాళీ దారం మిగులుతుంది. పూల మీద నీళ్లు చల్లి ప్లాస్టిక్ సంచిలో మూట కట్టొద్దు. రేకుల మధ్య తడి నిలిచి తెల్లారేసరికి నల్లబడి వాసన వస్తాయి. వెదురు గంపలో పరిచి, పైన పిండిన తడి గోనెపట్ట కప్పితే చాలు. మల్లెలు మాత్రం ముందురోజు తెచ్చి మండపానికి కట్టకండి. రాత్రికి విచ్చుకుని పొద్దున్నకు రంగు మారతాయి. జడలకు కనకాంబరాలే నమ్మకం.

టెంకాయ బోండాం ఇంట్లోనే చేశాం. వారం తిరక్కముందే రాళ్లు రాలిపోయాయి. థర్మాకోల్‌తో పేర్లు కోసి బంగారు రంగు స్ప్రే కొడితే అక్షరాలు కరిగి గుంటలు పడ్డాయి. ఎక్కడ తప్పు జరిగింది?
– పెళ్లికూతురి పిన్ని, ప్రొద్దుటూరు

రెండూ జిగురు, రంగు తెచ్చిన తంటాలే. టెంకాయకు ముందు తడి పసుపు మెత్తి, ఆరాక దాని మీద రాళ్లు అంటించి ఉంటారు. అప్పుడు జిగురు పట్టుకునేది పసుపు పొడిని, పీచును కాదు. పొడి రాలితే రాయీ రాలుతుంది. చిన్నసైజు ముదురు కాయ తీసుకుని, పై తోలు చెక్కి, మూడు రోజులు నీడన ఆరనివ్వండి. పచ్చి పీచు మీద ఏ జిగురూ నిలవదు. పసుపు పొడిని ఫెవికాల్‌లో కొంచెం నీళ్లతో కలిపి పలచగా పూసి, ఒక రోజు ఆరాక రాళ్లు, పూసలు ఫ్యాబ్రిక్ గ్లూతో అంటించండి. బరువైన లేసులకు అర అంగుళం మించని గుండుసూదులు గుచ్చండి. పొడుగువి వాడి పెంకు దాకా కొట్టొద్దు. వేళ్లు ఆనే చోట, ఒడికి తగిలే చోట రాళ్లు లేకుండా చూడండి. ధర్మవరం పట్టుచీర జరీ ఒక్క పోగు తగులుకుందంటే బోండాం మీద మిగుల్చుకున్న డబ్బు ఎందుకూ చాలదు.

థర్మాకోల్‌ను స్ప్రే రంగుల్లోని ద్రావకం కరిగించేస్తుంది. టైర్ పంక్చర్ జిగురు, ఫెవిక్విక్ లాంటివి కూడా దానికి పడవు. గోడలకు వేసే నీటి రంగు, ఎమల్షన్, రెండు పూతలు వేసి ఆరనిచ్చి, పైన బంగారు రంగు అక్రిలిక్ బ్రష్‌తో పూయండి. స్ప్రేనే కావాలంటే అక్షరాలు అట్టతో కోసుకోండి.

అడ్డుతెర మేమే వేద్దామనుకుంటున్నాం. పసుపు నీళ్లలో ముంచి రంగు తెప్పిస్తే చాలదా?
– ఆదోని

చాలదు. పసుపు ఎండకు వెలిసిపోతుంది, సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. పసుపూ సున్నమూ కలిస్తే పారాణి ఎర్రగా రావడం మీకు తెలిసిందే, ఇదీ అదే సంగతి. పైగా తడి చేతులు తగిలితే పట్టుబట్టలకు అంటుతుంది.

నలభై నాలుగు అంగుళాల పన్నా నూలుబట్ట నాలుగు మీటర్లు కొని రెండు ముక్కలు చేయండి. రెండు పొరలు కుట్టకపోతే ఒకవైపు బొమ్మ రెండోవైపు కనబడుతుంది. కొత్త బట్టలో గంజి ఉంటుంది, ఉతకకుండా వేసిన రంగు పెచ్చులూడుతుంది. ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, బొమ్మ సుద్దతో గీసుకోండి. ఫ్యాబ్రిక్ రంగు పలచగా వేసి, ఒక రోజు పూర్తిగా ఆరాక వెనకవైపు నుంచి ఇస్త్రీ పెట్టండి. కుట్టడం ఆ తర్వాతే. నెల ముందే చేసి మడతపెట్టుకోగల పని ఇది. ఇలాంటివన్నీ ముందే ముగించుకుంటే, చివరి రాత్రికి పూలు మాత్రమే మిగులుతాయి.

శ్రావణంలో మా ఇంటి ముందు ఖాళీ జాగాలోనే పెళ్లి. గాలికి వెనక తెర నిలుస్తుందా? తోలుబొమ్మల దీపాలు పెట్టాలనీ ఉంది.
– ధర్మవరం

రామగిరి గాలిమరలు తిరిగే జిల్లా మనది, ఆ నెలల్లో గాలి ఊరికే ఉండదు. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు తెర అంటే పడవ తెరచాప కిందే లెక్క. ఫ్లెక్సీ అస్సలు వద్దు. పాత చీరలు మూడు తీసుకోండి. ఒక్కొక్కటీ సుమారు పద్దెనిమిది అడుగుల పొడవు. పొడవునా అడుగు వెడల్పు పట్టీలుగా చించి, పై కర్రకు మడిచి వేస్తే రెండు వైపులా తొమ్మిదేసి అడుగులు వేలాడుతుంది. పట్టీల సందుల్లోంచి గాలి పోతుంది, కర్ర వంగదు. కింది కొసలు ఇంకో కర్రకు కట్టండి. గుంజల మొదట్లో ఇటుకలు పేర్చడం కాదు, ఇసుక సంచులు కట్టాలి. హోమగుండానికి ఆరడుగుల లోపు ఏ బట్టా ఉండకూడదు, సింథటిక్ సిల్కు, నైలాన్ అయితే మరీను. పక్కన బకెట్ నీళ్లు పెట్టించండి, పురోహితుడు ఏమీ అనుకోరు.

తోలు దీపాలకు మీకు నిమ్మలకుంట పక్కనే ఉంది. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. లోపల చిన్న ఎల్ఈడీ బల్బే పెట్టండి. పాత రకం బల్బుల వేడికి తోలు ముడుచుకుంటుంది. వానకు, రాత్రి మంచుకు మెత్తబడుతుంది కాబట్టి పందిరి అంచున కాకుండా లోపలివైపు వేలాడదీయండి. ఇది ఇంట్లో చేయగల పని కాదు. నాలుగు కొనుక్కోండి, చాలు.

మాది కడప బండల వాకిలి. రంగుల ముగ్గు వేయాలా?
– కడప

నల్లబండకు రంగులెందుకు? బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బి, వేలి కొస నుంచి జారేంత పలచగా కలిపి తడిపిండి ముగ్గు వేయండి. తడిగా ఉన్నప్పుడు సరిగా కనబడదు, ఆరాక తెల్లగా తేలుతుంది. అది చూడక రెండోసారి దిద్ది లావు చేస్తారు. పొడి ముగ్గు పెళ్లి జనం కాళ్లకు గంటలో చెరుగుతుంది.

తలంబ్రాలకు బియ్యం ఎన్ని? ముద్దలు కడుతున్నాయి.
– పులివెందుల

మూడు కిలోలు సరిపోతాయి. నూకలు ఏరేసి, కిలోకు రెండు చెంచాల పసుపు, ఒక చెంచా కరిగిన నెయ్యి వేసి అరచేతులతో రుద్దండి. నీళ్లు పోయడం వల్లే ముద్దలవుతున్నాయి. ముత్యాలు, రంగు పూసలు కలపాలనుకుంటే తేలికైనవే వేయండి, గాజు పూసలు కళ్లకు తగులుతాయి.