మోకాలి క్లెయిమ్‌ను వీఏ తిరస్కరించింది, ఉచిత లాయర్ దొరుకుతారా? – సమాధానం

మోకాలి సమస్య ఉందని ఒప్పుకుంటూనే అమెరికా వీఏ (మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) మీవారి వైకల్య పరిహారం క్లెయిమ్ కొట్టేసిందంటే, అది ఆర్మీ సర్వీసు వల్లే వచ్చిందనే ఆధారం ఫైల్లో లేకపోయి ఉండొచ్చు. చాలామంది వదిలేసేది ఇదే. ఎమ్మారైలు ఎన్ని జతచేసినా ఆ లోటు తీరదు.

1. డాక్టర్ చేత లెటర్ రాయించండి. సర్వీసు మెడికల్ రికార్డులు చూశానని, సర్వీసు వల్ల వచ్చిన అవకాశం కనీసం సగమైనా ఉందని, ఎందుకో కారణంతో సహా ఉండాలి. కారణం రాయని లెటర్‌కు పెద్దగా విలువ ఉండదు.

2. 20-0995 ఫారంతో సప్లిమెంటల్ క్లెయిమ్ (కొత్త ఆధారంతో మళ్లీ వేసేది) వేయండి. తిరస్కరించిన ఏడాదిలోపు వేస్తే, గెలిచినప్పుడు పరిహారానికి సాధారణంగా పాత క్లెయిమ్ తేదీ నిలబడుతుంది.

3. దీనికి లాయర్ అక్కర్లేదు. వీఏ గుర్తింపున్న వెటరన్స్ సంస్థ ప్రతినిధి ఉచితంగా చేసిపెడతారు. వాళ్లను ప్రతినిధిగా నియమించే 21-22 ఫారం నింపితే చాలు.

4. అదీ తిరస్కరించాక అప్పీలు చేస్తే, వీఏ అప్పీళ్లు వినే బోర్డు కూడా కాదంటే, 120 రోజుల్లో వెటరన్స్ కోర్టుకు వెళ్లాలి. వాలంటీర్ లాయర్ అసలు కావాల్సింది అప్పుడు. అర్హత ఉంటే వెటరన్స్ కన్సార్షియం అనే స్వచ్ఛంద సంస్థ ఉచితంగా కుదురుస్తుంది.