శిక్షణ తరువాత కూడా తరగతిలో మార్పు రాకపోవడం గురించి

రెండు రోజుల శిక్షణలో ఉత్సాహంగా పాల్గొన్న మీ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు, ఆ తరువాత "సిలబస్‌కే సమయం చాలడం లేదు" అంటూ ఎన్‌రిచ్‌మెంట్ కార్యక్రమాన్ని, అంటే సిలబస్‌కు మించి పిల్లల ఆసక్తిని, ఆలోచనను పెంచే పనులను, పక్కన పెట్టేశారని రాశారు. దయచేసి దానిని సాకుగా భావించకండి. అది నిజమైన ఇబ్బంది, పరిష్కారం కూడా అక్కడి నుంచే మొదలవ్వాలి.

అమెరికా విద్యా మనస్తత్వవేత్త జోసెఫ్ రెంజుల్లి 1977లో ప్రకటించిన ఎన్‌రిచ్‌మెంట్ నమూనాలో మూడు రకాల పనులున్నాయి: కొత్త విషయాల పరిచయం, ఆలోచనా నైపుణ్యాల శిక్షణ, పిల్లలు తామే ఎంచుకున్న నిజమైన సమస్యపై పరిశోధన. మొదటిది సులువు కనుక చాలామంది అక్కడే ఆగిపోతారు. మూడవదానికి కావలసిన సమయం, పిల్లలకు ముందే వచ్చిన అంశాలను తిరిగి చేయించకపోవడం వల్లనే దొరుకుతుంది. ఉదాహరణకు, భిన్నాల పాఠం మొదలుపెట్టే ముందే అందులోని కఠినమైన 5 లెక్కలు ఇచ్చి చూడండి. వాటిని సరిగా చేసి, ఎలా చేశారో వివరించగలిగిన పిల్లలకు ఆ వారం అభ్యాసాలు అవసరం లేదు. ఈ ప్రశ్నపత్రాన్ని ఉపాధ్యాయులు శిక్షణలోనే, తాము వచ్చే వారం చెప్పబోయే పాఠానికి తయారు చేసుకోవాలి.

ఇక శిక్షణ విషయానికి వస్తే, వివరణ, ప్రదర్శన, అభ్యాసం ఉన్నా తరగతిలో తోటివారి తోడ్పాటు లేకపోతే కొత్త పద్ధతి నిలవదని అమెరికా విద్యా పరిశోధకులు బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980లలోనే గట్టిగా వాదించారు. నా అభిప్రాయం కూడా అదే. ఉపాధ్యాయులను ఇద్దరిద్దరుగా జత చేసి, ఒకరి తరగతిలో మరొకరిని కూర్చోబెట్టండి. అయితే చూసేవారు మార్కులు వేయకూడదు, పిల్లవాడు ప్రశ్న అడిగినప్పుడు ఉపాధ్యాయుడు వెంటనే జవాబు చెప్పేశారా, లేక "ఎలా కనుక్కుందాం?" అని తిరిగి అడిగారా అన్నది మాత్రమే రాసుకోవాలి.