తులసికోట దగ్గర దీపం

చిరంజీవికి,

నీ కథ మూడు రోజుల కిందట అందింది. రెండోసారి చదువుతుంటే కోపం వచ్చింది. అది చల్లారకముందే రాస్తున్నాను.

గుంటూరు బ్రాడీపేటలో మీ ఇంటి పోర్టికో. సాయంత్రం. నాన్న పాత కారుకి ఫ్యూయల్ ఫిల్టర్ మారుస్తున్నాడు. నాలుగడుగుల దూరంలో తులసికోట దగ్గర దీపం. ఆ వెలుగు నాన్న ముఖం మీద బంగారంలా పడిందని రాశావు. అమ్మా, పెట్రోలు పైపు ఊడదీసే చోట దీపమా? పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. అది నేలబారుగా పాకుతుంది. నాలుగడుగులు దానికొక లెక్కా?

నీ కథలో నాన్న ఇరవై ఏళ్లుగా ఆ కారును సొంత చేతులతో చూసుకుంటున్న మనిషి. అలాంటివాడు స్పానర్ పట్టుకునే ముందే లోపలికి కేకేస్తాడు, "ఆ దీపం ఇవాళ దేవుడి గదిలో పెట్టు" అని. సంధ్యవేళ తులసమ్మ దగ్గర దీపం లేకపోతే ఎలాగని అమ్మ అంటుంది. ఇద్దరిదీ న్యాయమే. కథ అక్కడుంది. బంగారు వెలుగు కోసం దాన్ని వదిలేశావు.

తర్వాత, "నాన్న ఇంజిన్ ఆపి ఫిల్టర్ విప్పాడు, నాలుగు చుక్కలు రాలాయి" అన్నావు. మీది 2004 ఎంపీఎఫ్ఐ బండి, అంటే పంపు ప్రెషర్‌తో ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే రకం, అని నువ్వే చెప్పావు. అలాంటి బండిలో ఇంజిన్ ఆపినా పైపులో ప్రెషర్ నిలిచే ఉంటుంది. సుమారు 3 బార్, కారు టైరులో గాలికంటే ఎక్కువ. అలాగే విప్పితే కళ్లలోకి చిమ్ముతుంది. మీ నాన్నగారు ముందు ట్యాంకులోంచి పెట్రోలు తోసే పంపు ఫ్యూజు పీకి, ఇంజిన్ స్టార్ట్ చేసి, పైపులో ప్రెషర్ తగ్గి అది దానంతటదే ఆగిపోయేదాకా ఆగి ఉంటారు. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి ఉంటారు. అప్పుడు కూడా జాయింటుకి పాత బనీను గుడ్డ చుట్టి మెల్లగా వదులు చేస్తే, మిగిలింది మోచేతి దాకా కారుతుంది. మే నెల ఎండలో కూడా చల్లగా తగులుతుంది. ఆ చల్లదనం నీ కథలో లేదు. కొత్త ఫిల్టర్ మీద బాణం గుర్తు ఇంజిన్ వైపు ఉండాలి. ఆయన దాన్ని కళ్లజోడు పైకెత్తి చూశారా, టార్చి నిన్ను పట్టుకోమన్నారా? అదీ లేదు.

శంకర్ విలాస్ బ్రిడ్జి ఎక్కుతుంటే "కారు అలిసిపోయింది" అని రాశావు. చదునైన రోడ్డు మీద బాగానే నడిచిన బండి ఎత్తు మీద ఎందుకు జర్క్ ఇచ్చింది? ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్‌కి పెట్రోలు ఎక్కువ కావాలి, పూడిపోయిన ఫిల్టర్ అంత వదల్లేదు. ఈ మాట నాన్న నోట అనిపిస్తే ఆయన ఆ కారును ఎంత ఎరిగినవాడో పాఠకుడికి తెలిసిపోతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 1978లో నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో లెక్కలు రాసేవాణ్ణి. అక్కడి మేస్త్రి మీద కథ రాశాను. ఆయన కార్బురేటర్ జెట్టు, అంటే పాత ఇంజిన్లలో పెట్రోలు వెళ్లే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్క, విప్పి, నోటితో ఊది, ఎండకేసి పట్టి, ఆ సన్నటి రంధ్రంలోంచి వెలుగు కనపడేదాకా మళ్లీ మళ్లీ ఊదేవాడు. మూడు పేరాలు రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ మూడూ కొట్టేసి, "కృష్ణమీద సూర్యుడు అస్తమిస్తున్నాడు" అని తన వాక్యం ఒకటి చేర్చాడు. పాఠకులకు మెకానిజం అక్కర్లేదని ఉత్తరం ముక్క కూడా పంపాడు. మేస్త్రికి చదువు రాదు. టీ తాగుతూ చదివించుకున్నాడు. అయ్యాక కాసేపు ఊరుకుని, "అబ్బాయ్, ఇందులో నేనేం పని చేశాను?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ సంపాదకుణ్ణి ఈనాటికీ క్షమించలేదు. ఇప్పుడు కొట్టేసే సంపాదకులు కూడా అక్కర్లేదు, మీరే ముందుగా కొట్టేసుకుని పంపుతున్నారు. ప్రతి వాక్యమూ ఫోన్‌లో స్టేటస్ పెట్టుకునేలా ఉండాలన్న ఫ్యాషన్ ఒకటి పట్టుకుంది.

నీ కథలో ఒక్క చోట ఆగిపోయాను. నాన్న పాత ఫిల్టర్‌లోని పెట్రోలును తెల్ల సీసాలోకి వంపి, నల్లగా దిగిన నలుసును అమ్మను పిలిచి చూపిస్తాడు. అమ్మ చేయి తుడుచుకుంటూ వచ్చి చూస్తుంది. అది నువ్వు కళ్లతో చూసి రాసింది. దాని కిందే "హృదయానికీ ఒక ఫిల్టర్ ఉంటే" అని మొదలుపెట్టిన పేరా మొత్తం తీసెయ్.

పోటీకి పంపాలా, పుస్తకం ఎవరు వేస్తారు అని అడిగావు. వాటి సంగతి ఇప్పుడొద్దు. ఈ ఆదివారం నాన్నగారి పక్కన కూర్చుని ఆ రోజు ఏం చేశారో మొదటినుంచి చెప్పించుకో. అంతా బిగించి, ఫ్యూజు పెట్టి, బ్యాటరీ తగిలించాక, స్టార్ట్ చేయకుండా తాళం రెండు మూడుసార్లు ఆన్ చేసి ఉంటారు. వెనక ట్యాంకులో పంపు రెండు సెకన్లు గుయ్‌మంటుంది. అప్పుడు ఆయన తల ఎటు వంచి విన్నారో, జాయింటు తడి చూడ్డానికి ఏ వేలు పెట్టారో అడుగు. ఆ సీసా ఇంకా ఇంట్లో ఉందేమో కూడా అడిగి, మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
విజయవాడ నుంచి మీ మాస్టారు