చెడ్డపని ఏదీ చేయకపోయినా, రక్షణను పట్టించుకోనంత మాత్రాన ప్రమాదమా?

"నేను దేవుణ్ణి కాదనలేదు, ఎవరికీ కీడు చేయలేదు. రక్షణ సంగతి, అదే పాపం నుంచి దేవుడిచ్చే విడుదల సంగతి, తీరికగా చూసుకుంటానంటే ప్రమాదం ఏమిటి?" అని అడిగారు. ఆ 'తీరికగా' అన్న మాటలోనే ఉందండీ ప్రమాదమంతా. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా పెదనాన్న సంగతి చెబుతాను.

ఆయన ముప్పై ఏళ్లు సంఘ పెద్ద. ఆదివారం కానుకల సంచి పట్టేది ఆయనే. ఒక వేసవిలో కొండవాలున ఉన్న మా జీడితోట కొలతల గురించి ఒడియాలో నోటీసు వచ్చింది. ఒడియా గడగడా మాట్లాడతారు, చదవడం మాత్రం రాదు. "పిల్లలు వచ్చాక చదివిద్దాంలే" అని దాన్ని బైబిల్లో పెట్టారు. చింపలేదు, పారేయలేదు, భద్రంగా దాచారు. సంక్రాంతికి మేము వెళ్లినప్పుడు పెద్దమ్మ దుమ్ము దులుపుతుంటే ఆ కాగితం జారిపడింది. అభ్యంతరం ఉంటే ముప్పై రోజుల్లో చెప్పుకోవాలట. అప్పటికే పన్నెండు చెట్లు పక్కవాళ్ల పట్టాలోకి వెళ్లిపోయాయి. "నేను ఒప్పుకున్నానా? సంతకం పెట్టానా?" అని పెదనాన్న ఒకటే కేకలు. పెట్టలేదు, నిజమే. చెట్లు మాత్రం పోయాయి. నన్ను గుచ్చింది చెట్లు కాదు. ప్రతి ఆదివారం చంకలో గుడికి వెళ్లొచ్చిన బైబిలే అది. ఏడు నెలల్లో ఆ కాగితం ఒక్కసారీ బయటపడలేదు.

మా దగ్గర ఇదొక వింత. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది. పిల్లల చదువు ఒడియాలో, ఇంట్లో బైబిలు తెలుగులో. పెద్దల కాగితం పిల్లలు చదవలేరు, పిల్లల కాగితం పెద్దలు చదవలేరు. దీని గురించి ఎవరికీ పట్టదు.

అసలు విషయానికి వస్తే, బైబిల్లో హెబ్రీయులకు రాసిన ఉత్తరం, అంటే హెబ్రీ పత్రిక, రెండవ అధ్యాయంలో "ఇంత గొప్ప రక్షణను మనము నిర్లక్ష్యము చేసినయెడల ఏలాగు తప్పించుకొందుము" అని ఉంది. అది రాసినాయన 'మనము' అన్నాడు, 'వారు' అనలేదు. విన్నవాళ్లకే రాసిన మాట అది. మన బోధకులేమో మైకు పెట్టి దాన్ని వీధిలో పోయేవాళ్ల మీదికి విసురుతారు. ముందు వరుస కుర్చీల్లోని వాళ్లు హాయిగా తల ఊపుతారు. మత్తయి సువార్త 22లో పెళ్లివిందు పిలుపును లక్ష్యపెట్టక ఒకడు పొలానికి, ఒకడు వర్తకానికి పోయాడు. అక్కడి 'లక్ష్యపెట్టక', ఇక్కడి 'నిర్లక్ష్యము చేసినయెడల', మూలమైన గ్రీకులో రెండుచోట్లా ఒకే క్రియ. పొలానికి పోవడం పాపమా చెప్పండి?

అదే హెబ్రీ అధ్యాయం మొదట్లో 'కొట్టుకొనిపోకుండునట్లు' అనే మాట ఉంది. వానాకాలంలో మా మహేంద్రతనయ నదిలో స్నానానికి దిగినవాళ్లకు అది విడమరచి చెప్పనక్కరలేదు. ఎవరూ తోయరు, మనమూ ఈదం. తల ఎత్తి చూసేసరికి దిగిన రేవు కనబడదు.

పెదనాన్న ఆ నోటీసు బైబిల్లో ఏ పేజీలో పెట్టుకున్నారో చెప్పలేదు కదూ. మొట్టమొదటి పుస్తకం ఆదికాండం, మూడో పేజీలో.