తొమ్మిదో తరగతి కుర్రాడు అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ ఆడాలంటే ఇప్పటినుంచి ఏం చేయాలి?

మీ అబ్బాయి తొమ్మిదో తరగతిలో స్కూల్ టీమ్‌కి ఎంపికయ్యాడని, స్కాలర్‌షిప్ రావాలంటే ఏ క్లబ్బులో చేర్పించాలని అడిగారు. మావాడు ఈ దారిలోనే నడిచాడు, ఇప్పుడు కాలేజీలో రెండో ఏడు. క్లబ్బు ఏదైనా ఒకటే. మీవాడి ఆటని కూర్చుని చూసిన కోచ్ ఎవరో కనిపెట్టండి, నా మట్టుకు అసలు పని అదే.

మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మావాడు తొమ్మిదిలో ఫ్రెష్‌మన్ టీమ్ (కొత్తవాళ్ల జట్టు), పదిలో జేవీ (స్కూల్ రెండో జట్టు), పదకొండులో వార్సిటీ (స్కూల్ మెయిన్ జట్టు). ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం, పాయింట్ గార్డ్, అంటే బంతి తెచ్చి ఆట నడిపేవాడు. పదకొండో తరగతి చివర్లో ఒక డివిజన్ వన్ (కాలేజీ ఆటలో అన్నిటికన్నా పై స్థాయి) కాలేజీ అసిస్టెంట్ కోచ్ మెసేజులు పెట్టడం మొదలుపెట్టాడు. ప్రతి ఆదివారం రాత్రి ఎనిమిదికి. మావాడు ఏడున్నరకే అన్నం తినేసి ఫోన్ ముందు పెట్టుకుని కూర్చునేవాడు. గుంటూరులో ఉన్న వాళ్ల అమ్మమ్మకి కూడా ఆ కాలేజీ పేరు నోటికి వచ్చేసింది. పన్నెండో తరగతి మార్చిలో అక్కడ హెడ్ కోచ్ మారాడు. ఆ ఆదివారం ఎనిమిదైంది, తొమ్మిదైంది, మెసేజ్ లేదు. మూడు వారాలు చూసి మావాడే అడిగితే, రోస్టర్ (జట్టు జాబితా) నిండిపోయిందని ఒక్క లైను వచ్చింది. ఆ రాత్రి వాడు గ్యారేజీ ముందున్న హూప్ దగ్గర పదకొండున్నర దాకా షాట్లు వేస్తూనే ఉన్నాడు. పక్కింటివాళ్లు ఏమనుకుంటారోనని నాకు టెన్షన్. లోపలికి రమ్మని పిలవడానికి మాత్రం నోరు రాలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతోంది. ఆ కోచ్ మావాడి ఆట ఒక్కటి కూడా కోర్టు పక్కన కూర్చుని చూడలేదు. మేం పంపిన హైలైట్ వీడియో చూశాడంతే.

కారణాలు లేవని కాదు. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా. 2021 నుంచి కాలేజీ మారినవాడు ఏడాది ఆగకుండా వెంటనే ఆడొచ్చు. కొత్తగా వచ్చిన కోచ్ ఉద్యోగం నిలబడాలంటే ఈ ఏడాదే గెలవాలి. వేరే కాలేజీలో మూడేళ్లు ఆడి రాటుదేలిన 22 ఏళ్లవాడు పోర్టల్‌లో దొరుకుతుంటే, 18 ఏళ్ల పిల్లవాణ్ణి తెచ్చి పెంచే ఓపిక ఎవరికుంటుంది? దేశం మొత్తం మీద హైస్కూల్ జట్లలో ఆడే మగపిల్లలు 5 లక్షల పైమాటే. డివిజన్ వన్ కాలేజీలు 350 పైచిలుకు, ఒక్కో జట్టులో మహా అయితే 15 మంది. ఆ 15లో స్కూల్ నుంచి నేరుగా వచ్చేవాళ్లకి మిగిలేది రెండో మూడో. పోర్టల్ హైస్కూల్ పిల్లల నోటి దగ్గర కూడు లాగేసిందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక అసలు సంగతి. అంతకుముందు జులైలో ఒక ఏఏయూ టోర్నమెంట్‌కి, అంటే స్కూల్ జట్లు కాకుండా క్లబ్బులు ఆడే పోటీకి వెళ్లాం. ఒకే హాల్లో ఎనిమిది కోర్టులు. పక్క కోర్టులో విజిల్ వేస్తే ఈ కోర్టులో పిల్లలు ఆగిపోతారు. ఇంకో మాట కూడా చెప్పాలి. క్లబ్బు ఫీజు, హోటల్, పెట్రోలు అన్నీ మనవే, అయినా మన పిల్లవాడి ఆట చూడటానికి గేటు దగ్గర మళ్లీ మనమే టికెట్ కొనాలి. అన్యాయం అది. సరే, మా ఆట ఆదివారం పొద్దున ఎనిమిదికి. మెయిన్ కోర్టులో ఎవరో పేరు మోసిన కుర్రాడు ఆడుతున్నాడని కోచ్‌లంతా అక్కడే. మా కోర్టు చివర మడత కుర్చీలో ఒకే ఒకాయన, తల నెరిసింది, ఒళ్లో చిన్న నోట్‌బుక్. మావాడు ఆ రోజు నాలుగే పాయింట్లు కొట్టాడు. మేం దిగాలుగా ఇంటికొచ్చాం.

వారం తర్వాత ఆయన ఫోన్ చేశారు. ఆయనది డివిజన్ త్రీ కాలేజీ, డివిజన్ వన్ కంటే కింది స్థాయి. రెండో హాఫ్‌లో మా జట్టులోని పొడుగు కుర్రాడు స్క్రీన్ పెట్టడానికి (ఎదుటి ఆటగాడికి అడ్డుగా నిలబడటానికి) తప్పు వైపు నిలబడితే మావాడు వాడి నడుం పట్టి రెండో వైపుకి తిప్పాడట. అలా తిప్పాలని ఎవరు చెప్పారని అడిగారు. అది నేను చూడనే లేదు, నేను స్కోరు బోర్డు చూస్తున్నాను. అప్పటికి డివిజన్ వన్ మోజులో ఉన్నాం కాబట్టి మర్యాదగా మాట్లాడి పెట్టేశాం. ఎందుకైనా మంచిదని అక్కడా అప్లై చేసి ఉంచడం ఒక్కటే మేం చేసిన తెలివైన పని.

ఏప్రిల్‌లో మావాడే ఆయనకి ఫోన్ చేశాడు. మే 1 లోపు సీటు ఖాయం చేసుకోవాలి. ఆయన ఐదు గంటలు కారు నడుపుకుంటూ మా ఇంటికి వచ్చారు. మా ఆవిడ పెసరట్టు ఉప్మా పెట్టింది. తిని, ప్లేటు పక్కకి జరిపి లాప్‌టాప్ తెరిచారు. పన్నెండు క్లిప్పులు. ఏడింట్లో మావాడు చేసిన తప్పులే ఉన్నాయి. డిఫెన్స్‌లో తల తిప్పి బంతినే చూడటం, ఎడమచేత్తో పాస్ ఇవ్వాల్సిన చోట కుడిచేత్తో ఇవ్వడం. ఇంటికొచ్చి తప్పులు చూపిస్తాడేమిటని నాకు కష్టంగా అనిపించింది. మావాడేమో కుర్చీ ముందుకి జరుపుకుని, ఆ మూడోది ఇంకోసారి వేయమన్నాడు. ఆ ఏడాదంతా ఆ ముఖంలో అంత వెలుగు చూడలేదు.

డివిజన్ త్రీలో ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వరు. మాకు డబ్బు తగ్గింది మార్కుల మీద వచ్చిన మెరిట్ ఎయిడ్‌తోనే. పార్టీల్లో మనవాళ్లు కొందరు "బంతితో ఏం సాధిస్తాడండీ, చదివించక" అంటుంటారు, విని విని విసుగొచ్చింది. ఆట ఉంది కాబట్టే మావాడు చదివాడు. డివిజన్ వన్‌కైనా 16 కోర్ సబ్జెక్టులు, 2.3 జీపీఏ (నాలుగుకి లెక్కించే మార్కుల సగటు) లేకపోతే మొదటి ఏడు ఆడనివ్వరు. పంజాబ్ పల్లెటూరు నుంచి 2010లో ఫ్లోరిడా వచ్చిన సత్నామ్ సింగ్‌ది ఏడడుగుల పైన ఎత్తు. అంతటివాడికీ చదువు అర్హత కుదరక కాలేజీ ఆట లేకుండా పోయింది. 2015లో మా డాలస్ ప్రొఫెషనల్ జట్టు మావెరిక్స్ డ్రాఫ్ట్‌లో (జట్లు వరసగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే పద్ధతి) తీసుకున్నా, ఎన్‌బీఏ లీగ్‌లో ఒక్క ఆట ఆడలేదు.

చిన్న కాలేజీ అని చిన్నచూపు వద్దు. ఎన్‌బీఏ స్టార్ స్టీఫెన్ కరీకి తండ్రి చదివిన వర్జీనియా టెక్ స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. అప్పటికి రెండు వేలమంది విద్యార్థులు కూడా లేని డేవిడ్‌సన్‌లో బాబ్ మెకిలప్ అనే కోచ్ నమ్మి తీసుకున్నాడు. 2008లో కాలేజీల జాతీయ టోర్నమెంట్‌లో ఆ జట్టు గొంజాగా, జార్జ్‌టౌన్, విస్కాన్సిన్‌లను ఓడించి, కాన్సస్ చేతిలో రెండే పాయింట్ల తేడాతో ఓడింది. మరుసటి ఏడాదే కరీ డ్రాఫ్ట్‌లో ఏడోవాడు.

మీరు చేయాల్సిందల్లా, మీవాడి ఆటలు మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయండి, పాటలు పెట్టి కత్తిరించకండి. మార్కులు పడిపోనివ్వకండి. ఎనిమిదో తొమ్మిదో అంగుళాలు పెరుగుతాడని ఇప్పుడే లెక్కలు వేయకండి. ఏ పొజిషన్ ఆడతాడో, ఏ ఊళ్లో ఉంటారో రాస్తే నాకు తెలిసినంత చెబుతాను. డాలస్ చుట్టుపక్కలైతే శనివారాలు జిమ్ము దగ్గరే కలవొచ్చు, ఇప్పుడు మా అమ్మాయి ఆడుతోంది.