క్రియాటినిన్ నార్మల్‌గా ఉన్నా లూపస్‌లో కిడ్నీ బయాప్సీ ఎందుకంటారు?

మీ చెల్లికి లూపస్ (ఒంట్లోని రోగనిరోధక శక్తే సొంత అవయవాల మీద దాడి చేసే జబ్బు) ఉంది, క్రియాటినిన్ (రక్తంలో కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం) 0.8, కాళ్ల వాపు కూడా పెద్దగా లేదు, అయినా బయాప్సీ (కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) చేయించమంటున్నారు, అవసరమా అని అడిగారు. అవసరమేనండి, చేయించండి.

మాది పర్లాకిమిడి. మా ఆడపడుచుకి అచ్చం ఇలాగే జరిగింది. చూస్తే జబ్బు మనిషిలా ఉండేది కాదు, ఇంటిపనంతా తనే చేసుకునేది, పొద్దున మూత్రంలో నురగ మాత్రం నీళ్లు పోసినా ఒక పట్టాన పోయేది కాదు. పరీక్ష చేయిస్తే రోజుకి గ్రాము పైన ప్రొటీన్ పోతోందన్నారు. లూపస్ ఉన్నవాళ్లకి అర గ్రాము దాటితే చాలు, డాక్టర్లు బయాప్సీ మాట ఎత్తుతారు. లూపస్ కిడ్నీని దెబ్బతీసే తీరుని బట్టి బయాప్సీ రిపోర్టులో క్లాస్ 1 నుంచి 6 దాకా రాస్తారు. తన రిపోర్టులో క్లాస్ 4 అని వచ్చింది, అంటే రక్తాన్ని వడకట్టే గుత్తుల్లో (గ్లోమెరులై) సగం, అంతకు పైగా దెబ్బతిన్నాయన్నమాట. క్రియాటినిన్ చూస్తే అప్పటికీ 0.9! బాగున్న గుత్తులు మిగతావాటి పని కూడా లాక్కొస్తాయి, అందుకే ఆ అంకె పెరిగేసరికి ఆలస్యమైపోతుంది.

దీనికి రివర్స్‌లో కూడా ఉంటుంది. క్లాస్ 5లో ముఖం, కాళ్లు ఉబ్బిపోయి ప్రొటీన్ గ్రాముల కొద్దీ పోతున్నా క్రియాటినిన్ బాగానే ఉండొచ్చు. దానితో పాటు క్లాస్ 3 గానీ 4 గానీ కలిసి ఉందా అన్నది వాపు చూసి ఎవరూ చెప్పలేరు, మందులేమో దాన్ని బట్టే మారతాయి.

మా రిపోర్టులో డాక్టరు గారు పెన్నుతో సున్నా చుట్టి చూపించినవి రెండు అంకెలు. యాక్టివిటీ 24కి 10, క్రానిసిటీ 12కి 2. మొదటిది ఇప్పుడు జరుగుతున్న దాడి, మందుకి లొంగుతుంది. రెండోది పడిపోయిన మచ్చ, అది ఇక పోదు. క్రియాటినిన్ 2 ఉన్న ఇద్దరిలో ఒకరిది పూర్తిగా దాడి, ఇంకొకరిది పూర్తిగా మచ్చ కావచ్చు, ఆ రెండో మనిషికి గట్టి మందులు పోస్తే ఇన్ఫెక్షన్లు తప్ప ఒరిగేదేమీ ఉండదు. మీ రిపోర్టు రాగానే ముందు ఈ రెండూ చూడండి, శాంపిల్‌లో ఎన్ని గుత్తులు దొరికాయో కూడా అడగండి, పదికి తగ్గితే అంత నమ్మకంగా చెప్పలేరు.

పక్కనే శ్రీకాకుళం జిల్లా కదా, చుట్టాలంతా ఇది అక్కడి ఉద్దానం ప్రాంతంలో చాలామందికి వచ్చే కిడ్నీ జబ్బేనన్నారు. కాదు. ఉద్దానంలో ఎక్కువగా పాడయ్యేవి కిడ్నీలోని సన్న గొట్టాలు, మూత్రంలో ప్రొటీన్ తక్కువే పోతుంది. ఒకాయన పసరు మందు కూడా పట్టుకొచ్చాడు, మా అత్తగారు గుమ్మంలోంచే పంపేశారు, మంచి పని చేశారు.

బయాప్సీకి టెన్షన్ పడకండి. మత్తు సూది ఇచ్చి స్కానింగ్‌లో చూస్తూ చిన్న ముక్క తీస్తారు, తర్వాత కొన్ని గంటలు వెల్లకిలా కదలకుండా పడుకోవాలి, మూత్రం ఎర్రగా వస్తోందేమో చూస్తుంటారు. బీపీ అదుపులో ఉండాలి, ఆస్పిరిన్ లాంటివి వాడుతుంటే ముందే చెప్పండి.

ప్రొటీన్ తగ్గగానే మందులు ఆపేయనివ్వకండి. మూత్రం శుభ్రంగా ఉన్నవాళ్లలోనూ లోపల దాడి మిగిలి ఉండొచ్చు, అందుకే కొందరికి మందులు ఆపే ముందు మళ్లీ బయాప్సీ చేస్తారు. మీ చెల్లికి కొత్తగా పెళ్లయిందన్నారు కాబట్టి ఇంకో మాట, మైకోఫెనోలేట్ (ఆ దాడిని అణిచే మందు) రాస్తే అది వాడినంత కాలం గర్భం రాకుండా చూసుకోవాలి, పిల్లల ఆలోచన ఉంటే ముందే చెబితే డాక్టర్లు వేరే మందుకి మారుస్తారు.